వేడెక్కితే పట్టేసే వాల్వు

ఆ షెడ్డులో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం మానేశారని ఊళ్ళో కార్లున్న వాళ్ళందరికీ తెలుసు. తెలియక ఛస్తుందా? ఇంజన్ పని ఆయనది, వైరింగ్ పని ఆవిడది. బండి తెచ్చినవాడు మధ్యలో నిలబడి అటొక మాట, ఇటొక మాట మోయాల్సి వచ్చేది. మోసేవాడు దొరక్కపోతే, "బ్యాటరీ టెర్మినల్ వదులైందని ఎవరైనా చూస్తే బాగుండు" అని ఆయన గోడకి చెప్పేవాడు. "ఇంజన్ నిండా ఆయిల్ కారుతుంటే ఏ టెర్మినల్ మాత్రం నిలుస్తుందీ" అని ఆవిడ రేకు తలుపుకి చెప్పేది. ఆ గోడా, ఆ తలుపూ ఏం పాపం చేశాయో మరి.

ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. ఆవిడని వైరింగమ్మ అంటారు. ఎవడో ఎగతాళికి పెట్టిన పేరు, ఇప్పుడు షెడ్డు బోర్డు మీద కూడా అదే ఉంది. పెళ్ళైన కొత్తలో మొగుడికి టార్చిలైటు పట్టుకోవడానికని షెడ్డుకొచ్చిన మనిషి, పట్టుకుని ఊరికే నిలబడటం చేతకాక వైర్ల పని నేర్చేసుకుంది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే బోనెట్ మీద తలలు వంచి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, హాయిగా బతుకుతున్నారు. అరుచుకున్నంత కాలం ఆ ఇంటికి ఏ లోటూ రాలేదు. అరుపులు ఆగిపోయాకే అసలు కష్టం మొదలైంది.

అంతా ఆ నైట్రస్ తెచ్చిపెట్టిన గొడవ.

మేస్త్రి జీవితమంతా ఇతరుల కార్లకి పరుగు నేర్పాడు. తనకంటూ ఉన్నది ఒక్కటే, తుక్కు కొట్లోంచి ఈడ్చుకొచ్చిన పాత బూడిదరంగు కారు. దాని ఇంజన్ ఎన్నిసార్లు విప్పి బిగించాడో ఆయనకే గుర్తులేదు. పెద్ద కార్బురేటర్ పెట్టాడు, పొగగొట్టం మార్చాడు, లోపల గరుకుగా ఉన్నదల్లా గీకి నున్నగా చేశాడు. ఊరి బయట ఎవరూ వాడని పాత విమానాల రన్‌వే ఒకటుంది. దాని మీద కార్ల క్లబ్బు వాళ్ళు ఆదివారాలు పోటీలు పెట్టి, ఎవరి కారు ఎంత వేగంగా ఆ చివరికి చేరిందో పెద్ద బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డు మీద పైవరసలో ఒక్కసారి తన పేరు కనపడాలని మేస్త్రి కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ దానికి కావలసిన ఖరీదైన సరంజామా కొనే స్తోమత ఆ షెడ్డుకి లేదు. ఇంజన్‌కి ఒక్కసారిగా బలమిచ్చే నైట్రస్ గ్యాసు ఒక్కటే చౌక. అందులోనూ, పోటీలు మానేసిన ఒకాయన తన పాత సెట్టు వదిలించుకుంటుంటే ఇంకా చౌకగా దొరికింది: ఒక సిలిండర్, నాలుగు పైపులు, రెండు కరెంటు వాల్వులు, స్టీరింగ్ మీద బిగించుకునే ఒక బటన్.

ఆ బటన్ నొక్కగానే ఒక వాల్వు తెరుచుకుని ఇంజన్‌లోకి గ్యాసు కొడుతుంది. అదే క్షణంలో రెండో వాల్వు తెరుచుకుని ఆ గ్యాసుకి సరిపడా అదనపు పెట్రోలు పోస్తుంది. రెండూ కలిస్తే కారు రెక్కలొచ్చినట్టు ఎగురుతుంది. గ్యాసు వచ్చి పెట్రోలు రాకపోతే మాత్రం ఇంజన్ తనని తానే కాల్చుకు తింటుంది. పిస్టన్లు కరుగుతాయి, మంట కార్బురేటర్‌లోంచి వెనక్కి తంతుంది. అందుకే బుద్ధున్నవాళ్ళు, పెట్రోలు తగ్గగానే గ్యాసుని దానంతటదే ఆపేసే స్విచ్చి ఒకటి పెట్టుకుంటారు. ఆ పాత సెట్టులో అది లేదు. కొందామంది వైరింగమ్మ. "నా చెవులున్నాయిగా, అవి చాల్లే" అన్నాడు మేస్త్రి.

చెవులట! రోజంతా పొగగొట్టాల పక్కన నిలబడే మనిషి చెవులు. ఆవిడకి ఒళ్ళు మండింది. ఎవరికీ చెప్పకుండా నైట్రస్ ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. ఆ సాయంత్రమే మేస్త్రి, వచ్చిన నలుగురినీ కూడగట్టి, "చూడండి, వాల్వులు ఎలా కొట్టుకుంటాయో" అని గొప్పగా బటన్ నొక్కాడు. ఏం లేదు. మళ్ళీ నొక్కాడు. ఏం లేదు. వచ్చినవాళ్ళు నవ్వారు. వైరింగమ్మ జేబులోంచి ఫ్యూజు తీసి చూపించేసరికి ఇంకా నవ్వారు.

"నా బండిలో చెయ్యి పెట్టే హక్కు నీకెవరిచ్చారు?" అని అరిచాడు మేస్త్రి.

అరవడం కొత్త కాదు. ఆయన ఒకటి అరిస్తే ఆవిడ రెండు అరిచేది, అక్కడికి చెల్లు. కానీ ఇన్నేళ్ళుగా ఒక్క బోల్టు కూడా ఒంటరిగా బిగించని కారుని నలుగురి ముందూ 'నా బండి' అన్నాడు. ఆవిడకి అది ఎక్కడో తగిలింది. ఫ్యూజు బల్ల మీద పెట్టి, "ఇక మీ బండిలో ఒక్క వైరు ముట్టుకుంటే ఒట్టు" అంది. అనేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనతో ఒక్క మాట లేదు. ఆయనేం తక్కువ తిన్నాడా? ఆయనా బిగుసుకున్నాడు.

మధ్యలో నలిగింది అత్తగారు. షెడ్డు వెనకే ఇల్లు. ఆ పెద్దావిడ రోజుకి ఎన్నిసార్లు ఆ గుమ్మం దాటేదో. "అన్నానికి వస్తారో లేదో అడగండి అత్తయ్యా." "వస్తానని చెప్పమ్మా." కొడుకూ కోడలూ ఇద్దరూ నోటి దురుసు మనుషులే. పెద్దావిడకి గొడవంటే భయం. చిన్నప్పట్నుంచీ ఎవరైనా గొంతు పెంచితే ఆవిడ పక్కగదిలోకి తప్పుకునేది. అందుకని మాట మోసేటప్పుడు అందులో ముళ్ళు ఏరేసి, కాస్త తీపి కలిపి అప్పగించేది. "పిలిచినప్పుడు రాకపోతే కుక్కకి పెట్టేస్తానని చెప్పండి" అని కోడలంటే, "నీకోసం చూస్తోందిరా నాన్నా" అని కొడుక్కి చేరేది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. వంట గదికీ షెడ్డుకీ మధ్య ఉన్న నాలుగడుగుల్లో మాటలు అంతలా మారిపోతాయని ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం వైరింగమ్మ చెవిన ఒక చప్పుడు పడింది. పడలేదు అనాలేమో.

ఫ్యూజు మళ్ళీ బిగించుకున్నప్పట్నుంచీ మేస్త్రికి ఒక అలవాటైంది. రోజూ పొద్దున సిలిండర్ మూసి ఉంచి, తాళం తిప్పి, బటన్ నొక్కేవాడు. టక్, టక్. గ్యాసు వాల్వు ఒకటి, పెట్రోలు వాల్వు ఒకటి. ఆ రెండు చప్పుళ్ళూ విని తృప్తిగా తల ఊపుకునేవాడు. ఆ మధ్యాహ్నం కారుని చాలా దూరం తిప్పుకొచ్చి, ఇంజన్ ఆపి, తాళం సగం తిప్పి ఉంచి, స్టీరింగ్ తుడుస్తుంటే చెయ్యి తగిలి బటన్ నొక్కుకుంది. టక్. ఒక్కటే. మేస్త్రి కిటికీ దగ్గర నిలబడ్డవాడితో బేరంలో ఉన్నాడు, వినలేదు. పక్క కారు కింద పడుకుని ఉన్న వైరింగమ్మ వింది.

ఆయన భోజనానికి వెళ్ళేదాకా ఆగింది. వెళ్ళగానే కారులోకి దూరి తాను నొక్కి చూసింది. వైరు ముట్టుకోలేదు కాబట్టి ఒట్టు చెక్కుచెదరలేదు. టక్. మళ్ళీ నొక్కింది. టక్. బోనెట్ తెరిచి పెట్రోలు వాల్వు మీద వేలు పెడితే చురుక్కుమంది. ఇంజన్ చల్లారేదాకా షెడ్డులో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ నొక్కింది. టక్, టక్. అర్థమైపోయింది. వేడెక్కితే ఆ పాత వాల్వు లోపల పట్టేస్తోంది, తెరుచుకోవడం లేదు. చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే బుద్ధిగా పనిచేస్తోంది. పోటీ రోజున కారు వేడిగా ఉండక చల్లగా ఉంటుందా!

ఫ్యూజు దాకా వెళ్ళింది ఆవిడ చెయ్యి. పీకేస్తే అయిపోయేది. 'నా బండి' అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కొచ్చింది. ఎంత మొండిదో చూడండి. ఆ ఒక్క క్షణం తలుచుకుని తర్వాత ఎన్ని రాత్రులు గోడవైపు తిరిగి పడుకుందో ఆవిడకే తెలుసు.

తిన్నగా వంట గదిలోకి వెళ్ళి అత్తగారిని కూర్చోబెట్టింది. "అత్తయ్యా, ఇది సరిగ్గా వినండి. మీ అబ్బాయితో చెప్పండి. పెట్రోలు వాల్వు వేడెక్కితే పట్టేస్తోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూసుకుని మురిసిపోతున్నారు. ఆదివారం ఎండలో వరసలో నిలబడితే అది తెరుచుకోదు. కొత్త వాల్వు పెట్టేదాకా ఆ బటన్ జోలికి వెళ్ళొద్దని చెప్పండి. ఇంత మూర్ఖుణ్ణి నేనెక్కడా చూడలేదని కూడా చెప్పండి." ఇంకా చాలా అంది. కోపంతో మొదలుపెట్టింది, ఏడుపుతో ముగించింది. అత్తగారు కోడలి కళ్ళు తుడిచి, టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది.

తిరిగొచ్చాక, "చెప్పారా?" అని అడిగింది వైరింగమ్మ.

"చెప్పానమ్మా."

"ఏమన్నారు?"

"సరేనన్నాడు. నీ వైరింగ్ బంగారమన్నాడు. ఆదివారం నువ్వు కూడా తప్పకుండా రావాలన్నాడు."

"బంగారమన్నారా? ఆయనే?"

"మరి ఇంకెవరు? పిచ్చిదానా."

వైరింగమ్మకి నమ్మబుద్ధి కాలేదు. కానీ నమ్మాలనిపించింది. ఇన్ని రోజుల తర్వాత ఆయన నోట ఒక మంచి మాట వచ్చిందంటే ఎవరు కాదనుకుంటారు? ఆ రాత్రి కడుపునిండా తింది.

ఆదివారం మధ్యాహ్నం రన్‌వే నిప్పుల కుంపటిలా ఉంది. రేకుల పందిరి కింద బల్లల మీద జనం, ముందు ఇనుప కంచె, కంచెకి అటువైపు కార్ల వరస. ఒక్కో కారూ ముందుకు జరిగి, జెండా కిందికి దిగగానే అరుచుకుంటూ పోతోంది. మేస్త్రి కారు వరసలో వెనకెక్కడో ఉంది. వైరింగమ్మ అత్తగారి పక్కన కూర్చుని నింపాదిగా చూస్తోంది. గ్యాసు లేకుండా మామూలుగా ఒక పరుగు పెట్టుకుంటారు, దానికేం, పేరు బోర్డు మీద కింది వరసలోనైనా పడుతుంది, అనుకుంది. ఇంటికెళ్ళాక తనే ముందు మాట్లాడాలని కూడా మనసులో అనుకుంది. ఏమని మొదలుపెట్టాలో ఆలోచిస్తోంది.

వరస జరిగింది. మేస్త్రి ముందు మూడు కార్లు మిగిలాయి. ఆయన హెల్మెట్ పెట్టుకునే కారు దిగాడు, వెనక్కి వెళ్ళాడు, డిక్కీ తెరిచాడు, లోపలికి వంగి చేత్తో ఏదో తిప్పాడు. డిక్కీ మూసేసి వెళ్ళి కూర్చున్నాడు.

వైరింగమ్మ లేచి నిలబడింది. డిక్కీలో తిప్పేది ఒక్కటే ఉంది. సిలిండర్ మూత. నైట్రస్ వాడని మనిషి సిలిండర్ ఎందుకు తెరుస్తాడు?

"అత్తయ్యా, ఆ రోజు మీరు ఆయనకి ఏం చెప్పారు?"

"ఏ రోజమ్మా?"

"వాల్వు సంగతి చెప్పమన్న రోజు. మీరన్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి."

పెద్దావిడ కొడుకు కారు వైపే మురిపెంగా చూస్తోంది. "చెప్పానుగా. 'అది నీ మీద బెంగ పెట్టుకుందిరా, జాగ్రత్తగా నడపమంది' అని చెప్పాను."

"వాల్వు?"

"వాల్వులూ గీల్వులూ నాకేం తెలుస్తాయే? మూర్ఖుడన్నావు, ఇంకేవేవో అన్నావు. అవన్నీ చెప్తే వాడు ఒంటికాలి మీద లేవడూ? అందుకే సారం చెప్పాను."

"సారమా!" అంది వైరింగమ్మ. ఇంత ఎండలో, ఇంతసేపు వరసలో, ఇంజన్ ఆపకుండా. ఆ వాల్వు ఈ పాటికి నిప్పులా కాలుతూ ఉంటుంది. ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్ అత్తగారి సంచిలోనే ఉంది. ఆవిడ బల్లలు దాటుకుంటూ, జనాన్ని తోసుకుంటూ కంచె వైపు పరిగెత్తింది. "ఏంటమ్మా ఆ తొందర" అని ఎవరో విసుక్కున్నారు. వెనకనుంచి అత్తగారు, "ఏమైందే, ఏమైందే" అంటూనే ఉంది.

కంచె గేటు దగ్గర చేతిలో వాకీటాకీ పట్టుకుని క్లబ్బు మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. "లోపలికి రాకూడదమ్మా."

"ఆ కారు ఆపండి! బూడిదరంగు కారు! పెట్రోలు వాల్వు పనిచెయ్యట్లేదు, మంట లేస్తుంది!"

"ఏ కారు?"

"బూడిదరంగుది అంటుంటే!"

ఆయన అటు తిరిగి చూశాడు. అక్కడ రెండు బూడిదరంగు కార్లున్నాయి, దుమ్ముకి మిగతావి కూడా అలాగే ఉన్నాయి. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పాడు. దాంట్లోంచి గరగర తప్ప ఏం రాలేదు. మేస్త్రి ముందున్న కారు జెండా చూసి దూసుకుపోయింది. మేస్త్రి ముందుకొచ్చి గీత మీద ఆగాడు. ఇక వైరింగమ్మ ఆగలేదు. కంచె కింద నుంచి దూరి, లేచి, పరిగెత్తింది.

"నొక్కొద్దు! ఏమండీ, నొక్కొద్దు!"

ఎన్నో రోజుల తర్వాత ఆవిడ మొగుణ్ణి పిలిచిన పిలుపు అది. ఆ ఇంజన్ల హోరులో అది ఆవిడకే వినపడలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ పరిగెత్తింది. జెండా పట్టుకున్నవాడు ఆవిడ వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

మేస్త్రి చూశాడు. ఆవిడకి బాగా తెలిసింది, ఆయన చూశాడు. హెల్మెట్ లోపల ఆ కళ్ళు మొదట వెడల్పయ్యాయి, తర్వాత నవ్వాయి. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న మనిషి గుమ్మంలోకి వస్తే చూసే చూపు అది. హమ్మయ్య, చూశారు, ఆగుతారు, అనుకుంది వైరింగమ్మ. ఆయన స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి ఆవిడ వైపు ఊపాడు. సరే అన్నట్టు గట్టిగా తలాడించాడు. మళ్ళీ ముందుకు తిరిగాడు.

జెండా దిగింది. కారు పోయింది.

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. చెవులు మాత్రం కారు వెంట పరిగెత్తాయి. మొదటి గేరు. రెండో గేరు. ఇంకా మామూలు చప్పుడే. మూడో గేరు పడింది. నొక్కకండి, నొక్కకండి, మీకు దండం పెడతా నొక్కకండి, అని పళ్ళ మధ్య నలుపుతోంది. కారు ఒక్కసారి ముక్కు పైకెత్తి ముందుకు దూకింది. వెంటనే ఇంజన్ లోపల ఎవరో సుత్తులతో కొడుతున్నట్టు చప్పుడొచ్చింది. ఆ వెనకే ఢామ్మని పేలింది. బోనెట్ అంచుల్లోంచి మంట బయటికొచ్చింది.

మంట ఆర్పే బండి ఆవిడ పక్కనుంచి పోతోంది. దాని వెనక కమ్మీ పట్టుకుని ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. దూరంగా కారు వంకర తిరిగి ఆగింది. తలుపు తెరుచుకుంది. మేస్త్రి హెల్మెట్ ఊడబెరుక్కుంటూ దిగాడు, రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. బతికే ఉన్నాడు. బతికున్నాడన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఆయన దూరంగా పరిగెత్తకుండా కారు ముందుకి వెళ్తున్నాడు. ఏం చెయ్యబోతున్నాడో ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళు చేత్తో పెంచిన ఇంజన్ అది, అందులో మంట చూస్తే ఆయన చేతులు ఆగవు.

"బోనెట్ తెరవొద్దు!" అని అరిచింది. "గాలి తగిలితే..."

తెరిచాడు. మంట ఆయన మొహం ఎత్తున లేచింది. అయినా ఆయన చేతులు అందులోనే పెట్టి పెట్రోలు పైపు పీకాలని చూశాడు. వైరింగమ్మ బండి ఆగకముందే దూకి, ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగి, ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. క్లబ్బు వాళ్ళు తెల్లటి పొడి కొట్టారు. ఆ పొడిలో ఆయన మొహం కనపడలేదు. చేతులు కనపడ్డాయి. ఆవిడ ఆ చేతుల వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

వైరింగమ్మ ఎక్కాక, అంబులెన్సులో ఒక్కరికే చోటన్నాడు డ్రైవరు. అత్తగారు ఆ మాట చెవిన పెట్టకుండా ఎక్కి కూర్చుంది. ఆ పెద్దావిడని దింపే ధైర్యం అతనికి లేకపోయింది. మేస్త్రిని పడుకోబెట్టి, రెండు చేతులకీ తడిగుడ్డలు చుట్టారు. "ఎడమ చెయ్యి పైపైనే కాలింది. కుడి చేతి వేళ్ళ సంగతి డాక్టరే చెప్పాలి" అంది నర్సు. ఆయన పానా పట్టేది కుడి చేత్తోనే. వైరింగమ్మ ఆయన మొహమే చూస్తోంది. కనుబొమలు కాలిపోయిన ఆ మొహం ఎవరిదో పరాయివాడిదిలా ఉంది.

మేస్త్రి కళ్ళు తెరిచి భార్యని చూశాడు. "నీ తప్పేం లేదులే" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. "నా తప్పా?"

"పాత సరుకు. పైకి చూస్తే బాగానే ఉంటుంది. నువ్వు మాత్రం ఏం చేస్తావు? దాని గురించి బాధపడకు."

"నేను చూడ్డం ఏంటండీ? నేను ముట్టుకోనైనా లేదు."

"ఆ రోజు టీ తెచ్చినప్పుడు అమ్మతో చెప్పి పంపానుగా. ఆ వైర్ల మీద నాకు ధైర్యం చాలట్లేదు, ఆవిడగారు ఒకసారి అంతా చూసి, తనే వచ్చి కానివ్వమంటే తప్ప బటన్ నొక్కనని." మాటల మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. "సిలిండర్ తెరిచి పెట్టుకుని నీ కోసమే చూస్తూ కూర్చున్నా. నువ్వు రాలేదు. సరే, గ్యాసు లేకుండానే తోలేసి వద్దామనుకున్నా. అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చావు." నవ్వబోతే కాలిన పెదవి లాగింది. "నువ్వేమన్నావో వినపడలేదు. వచ్చావు కదా, అది చాలనుకున్నా."

వైరింగమ్మకి అప్పుడు అర్థమైంది. తను ఆ పందిరి కింద ఊరికే కూర్చుని ఉంటే ఆయన ఆ బటన్ నొక్కేవాడే కాదు. ఆపాలని తను పరిగెత్తింది. పరిగెత్తడం చూసే ఆయన నొక్కాడు.

తలెత్తి అత్తగారి వంక చూసింది. పెద్దావిడ సంచిని గుండెకి హత్తుకుని మూలకి ఒదిగిపోయింది. ఆ కళ్ళు చెప్పొద్దని బతిమాలుతున్నాయి. చెప్పకపోతే ఏం పోయింది? అవును, చూశాను, పొరపాటైంది, అంటే సరిపోతుంది. ఆయన అప్పుడే క్షమించేశాడు కూడా. ముసలావిడ పరువు దక్కుతుంది. ఒక చిన్న తీపి అబద్ధం, ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ నడిచిన లాంటిదే. వైరింగమ్మకి దాని తలపే వెగటు పుట్టించింది.

"నేను కానివ్వమనడానికి రాలేదండీ" అంది. "నొక్కొద్దని చెప్పడానికి వచ్చాను. ఆ పెట్రోలు వాల్వు వేడెక్కితే పట్టేస్తోందని నాకు ముందే తెలుసు. మీకు చెప్పమని అత్తయ్యకి చెప్పాను."

మేస్త్రి మెల్లగా తల్లి వైపు తల తిప్పాడు. "అమ్మా?"

"మీరిద్దరూ కొట్టుకుంటుంటే చూడలేకరా..." అంది పెద్దావిడ. "అది చెప్పమంది. ఒత్తి ఒత్తి చెప్పింది. నేనే చెప్పలేదు. నీ మాట కూడా దానికి చెప్పలేదు. వైర్ల మీద ధైర్యం చాలదన్నావని తెలిస్తే అది మళ్ళీ అలుగుతుందని, బంగారమన్నావని చెప్పాను."

"అది ఏమంది? ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడెందుకురా నాన్నా..."

"అంతా చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

పెద్దావిడ చెప్పింది. ఆశ్చర్యం ఏమిటంటే ఆవిడకి అంతా గుర్తుంది. వాల్వు, వేడి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసుకుని మురిసిపోవడం, ఎండలో వరస, కొత్త వాల్వు వచ్చేదాకా ముట్టుకోవద్దనడం. మూర్ఖుడు, మొండిఘటం, చెవుల్లో సీసం పోసుకున్న మనిషి. ఒక్కో తిట్టుకీ మేస్త్రి కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. వైరింగమ్మ తల దించుకుంది. అంత దూరం వచ్చి పెద్దావిడ సంచి పట్టీ వేలికి చుట్టుకుంది.

"ఇంకో మాటుంది" అంది చివరికి. "అది అపశకునంగా ఉందని, నా నోటితో అనకూడదని వదిలేశాను."

"అను."

"'ఆయనకేమన్నా అయితే నేను బతకలేను అత్తయ్యా' అంది. అని నా కాళ్ళు పట్టుకుని ఏడ్చిందిరా."

అంబులెన్సు ఏదో మలుపు తిరిగింది. మేస్త్రి కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకుందామంటే గుడ్డల్లో చుట్టిన చేతులు కదలవు.

"ఆ మాట ఒక్కటి నా చెవిన పడి ఉంటే, ఆ కారుని షెడ్డు దాటించేవాణ్ణి కాదే" అన్నాడు.

వైరింగమ్మ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకునే వీలు లేక, చాచిన తన చేత్తోనే ఆయన కళ్ళు తుడిచింది.